హౌరా స్టేషన్‌లో దిగి లాంచీలో హుగ్లీ నది దాటడం ఎలా?

హౌరా స్టేషన్ నుంచి కోల్‌కతా నగరంలోకి వెళ్లాలంటే చాలామంది టాక్సీ ఎక్కి, హౌరా బ్రిడ్జి మీది ట్రాఫిక్‌లో ఇరుక్కుంటారు. స్టేషన్ ఎదురుగానే లాంచీల రేవు ఉంది. ఆఫీసులున్న వైపుకు వెళ్లేవారికి, చేతిలో పెద్ద సామాను లేకపోతే, దీన్ని మించిన దారి లేదు. ఛార్జీ కూడా సిటీ బస్సు టికెట్టంతే.

ముందుగా మీ రైలు టికెట్టు చూసుకోండి. కోరమాండల్ లాంటి రైళ్లు ఇప్పుడు హౌరాకు రావు, షాలిమార్‌లో ఆగిపోతాయి. అక్కడ దిగితే ఈ దారి మీకు కలిసిరాదు. ఖరగ్‌పూర్ మీదుగా హౌరా చేరే రైళ్లు ఎక్కువగా కొత్త కాంప్లెక్స్‌లోకి వస్తాయి. బయటికొచ్చి నది వైపు నడుస్తూ “లాంచ్ ఘాట్” అని అడిగితే ఎవరైనా చూపిస్తారు.

ఏ రేవుకు టికెట్టు?

అందరూ తడబడేది ఇక్కడే. హౌరా నుంచి లాంచీలన్నీ ఒకేచోటికి వెళ్లవు. అవతలి ఒడ్డున ఎక్కడ దిగాలో తేల్చుకున్నాకే కౌంటర్ దగ్గరికి వెళ్లండి.

ఆఫీసులుండే బీబీడీ బాగ్, జీపీఓ (పెద్ద పోస్టాఫీసు), రైటర్స్ బిల్డింగ్ వైపు పనుంటే ఫెయర్లీ. ఈడెన్ గార్డెన్స్, మైదాన్, ఎస్ప్లనేడ్ వైపైతే బాబూఘాట్. విగ్రహాలు చేసే కుమార్‌టులి చూడాలంటే శోభాబజార్ లేదా అహిరిటోలా. ఈ రెండూ బ్రిడ్జికి ఉత్తరాన ఉంటాయి, మొదటి రెండూ దక్షిణాన. అంటే తప్పు లాంచీ ఎక్కితే ఊరి రెండో కొసకు చేరతారు. కౌంటర్‌లో రేవు పేరు గట్టిగా చెప్పి, చిల్లర ఇవ్వండి. గేటు దగ్గర, లాంచీ దగ్గర మళ్లీ ఒకసారి “బాబూఘాట్?” అని అడగడానికి మొహమాటపడొద్దు, అక్కడివాళ్లూ అడుగుతారు. దిగేదాకా టికెట్టు పారేయకండి.

జెట్టీ మీదికి

హుగ్లీ ఇక్కడ నదే అయినా సముద్రం ఆటుపోట్లు నగరం దాటి పైదాకా వస్తాయి. రోజులో నీటిమట్టం కొన్ని మీటర్లు మారుతుంది. అందుకే జెట్టీని నీటిమీద తేలేలా కట్టి, ఒడ్డుకు ఇనుప వంతెనతో కలిపారు. పోటు వేళ ఆ వంతెన దాదాపు చదునుగా ఉంటుంది. ఆటు వేళ బాగా వాలుతుంది, వాన పడితే జారుతుంది కూడా. చక్రాల సూట్‌కేసును ఆ వాలులో లాగితే అదే మిమ్మల్ని లాక్కుపోతుంది, చేత్తో ఎత్తి పట్టుకోండి.

లాంచీ వచ్చేటప్పుడు గమనిస్తే, రేవు దాటిపోతున్నట్టు ముందుకెళ్లి, వెనక్కి తిరిగి ఆగుతుంది. లాంచీ నడిపే సరంగు దారి తప్పలేదు. ప్రవాహానికి ఎదురుగా ముక్కు పెడితేనే లాంచీ అదుపులో ఉంటుంది. ప్రవాహంతోపాటు వస్తే జెట్టీని గుద్దేస్తుంది. పోటు వేళ నీరు ఉత్తరానికి పారుతుంది కాబట్టి ముక్కు దక్షిణానికి ఉంటుంది, ఆటు వేళ ఉత్తరానికి. అందుకే పొద్దున ఎక్కిన లాంచీ ఎటు తిరిగి ఆగిందో సాయంత్రం కూడా అటే ఆగుతుందని అనుకోకండి.

ఎక్కడం, దిగడం

ప్రమాదమంతా ఒక్క అడుగులో ఉంది. సిబ్బంది మోకు విసిరి ఇనుప దిమ్మకు చుట్టేదాకా కదలొద్దు. చుట్టిన తర్వాత కూడా జెట్టీకీ లాంచీకీ మధ్య సందు మూసుకుంటూ తెరుచుకుంటూ ఉంటుంది, పక్కనుంచి ఇంకో లాంచీ వెళితే మరీను. దిగేవాళ్లందరినీ దిగనివ్వండి. లాంచీ అంచు జెట్టీ దగ్గరికొచ్చిన క్షణం చూసి ఒకే అడుగులో దాటండి. ఒక కాలు అక్కడ, ఒక కాలు ఇక్కడ పెట్టి ఆగొద్దు. పిల్లల వేళ్లు కాదు, మణికట్టు పట్టుకోండి. ఫోన్ జేబులో ఉండాలి.

లోపల చాలావరకు నిలబడే ప్రయాణం. ఫెయర్లీకో బాబూఘాట్‌కో వెళ్తుంటే ఎడమ పక్కన నిలబడండి. 1943లో తెరిచిన హౌరా బ్రిడ్జి, 457 మీటర్ల ప్రధాన స్పాన్‌తో, నది మధ్యలో ఒక్క స్తంభమైనా లేకుండా మొత్తం కనిపిస్తుంది. కుడివైపు దూరంగా విద్యాసాగర్ సేతు. ప్రయాణం పావుగంట లోపే, కాబట్టి సీటు కోసం వెతుక్కోకుండా రెయిలింగ్ పట్టుకోవడమే మేలు.

లాంచీ కదలకపోతే

అమావాస్య, పౌర్ణమి రోజుల్లో, ముఖ్యంగా వానాకాలంలో, పోటు గోడలా లేచి నదికి ఎదురొస్తుంది. బెంగాలీలో దాన్ని బాన్ అంటారు. రెండు మీటర్లు దాటిన సందర్భాలూ ఉన్నాయి. ఆ వేళకు లాంచీలు ఆపేసి, అల వెళ్లిపోయాకే మళ్లీ నడుపుతారు. జెట్టీ ఖాళీ చేయమంటే వెంటనే ఒడ్డుకు వచ్చేయండి. ఉరుములు, ఈదురుగాలులు వచ్చినా ఇంతే.

ఉదయం తొమ్మిది నుంచి పదకొండు దాకా కోల్‌కతా వైపు, సాయంత్రం హౌరా వైపు తోపులాట ఎక్కువ. ఆ వేళల్లో ఒక లాంచీ వదిలేసి తర్వాతది ఎక్కండి. తిరుగు ప్రయాణానికి ఆఖరి లాంచీ ఎప్పుడో దిగగానే కౌంటర్‌లో అడగండి. ఆదివారం సర్వీసులు తగ్గుతాయి. రాత్రి ఆలస్యమైతే రేవు దగ్గర పడిగాపులు పడకుండా ఎస్ప్లనేడ్‌కు నడవండి. అక్కడినుంచి 2024 మార్చిలో మొదలైన, నది అడుగున వెళ్లే మెట్రో మిమ్మల్ని హౌరా స్టేషన్‌లోనే దింపుతుంది.