వొలూబిలిస్ శిథిలాలను ఎలా చూడాలి?

మొరాకోలో మెక్నెస్ నగరానికి ఉత్తరంగా, జెర్హూన్ కొండ దిగువన ఉన్న రోమన్ కాలపు ప్రాచీన నగరం వొలూబిలిస్‌కు వెళ్లినవారు సాధారణంగా దూరం నుంచే కనిపించే, రోమన్ చక్రవర్తి కారకల్లా పేరిట ఉన్న తోరణం వైపు నేరుగా నడుస్తారు. నా సలహా మాత్రం ముందుగా గానుగలు చూడమని. ఈ ఊరిని నిలబెట్టింది ఆలివ్ నూనె. యాభైకి పైగా గానుగలు ఇక్కడ తవ్వకాలలో బయటపడ్డాయి.

నేల మీద గుండ్రంగా చెక్కిన కాలువ ఉన్న రాతి పలక కనిపిస్తే అక్కడ ఆగండి. నలగగొట్టిన కాయల ముద్దను అల్లిన బుట్టల్లో నింపి, ఆ పలక మీద ఒకదానిపై ఒకటి పేర్చి, బరువైన రాయి కట్టిన పొడవాటి దూలంతో అదిమేవారు. కారిన రసం కాలువ వెంట తొట్టెల్లోకి చేరి, కొంతసేపటికి నూనె పైకి తేలేది. ‘ఓర్ఫియస్ ఇల్లు’ అని పిలిచే భవనంలో ఇలాంటి గానుగ ఉంది. అదే ఇంట్లో గ్రీకు పురాణ గాయకుడు ఓర్ఫియస్ వీణ వంటి వాద్యం వాయిస్తుండగా జంతువులు చుట్టూ చేరిన మొజాయిక్ (చిన్న రంగురాళ్లు పొదిగి నేలపై వేసిన చిత్రం) కూడా ఉంది. రెండింటినీ కలిపి చూస్తేనే ఆ కుటుంబం ఐశ్వర్యం ఎక్కడిదో అర్థమవుతుంది.

తరువాత ఫోరం, అంటే నగర కూడలి వైపు వెళ్లండి. బసిలికా (న్యాయస్థానంగా వాడిన సభాభవనం) గోడలు, రోమన్ దేవతల కాపిటల్ ఆలయ స్తంభాలు, క్రీ.శ. 217లో కట్టిన తోరణం చూసి ఇది అచ్చమైన రోమన్ నగరమనుకోవడం సులువు, కానీ అది సగం నిజమే. ఈ ప్రాంతాన్ని ఏలిన బెర్బర్ (ఉత్తరాఫ్రికా స్థానిక జాతి) రాజు రెండవ జూబా కొడుకు టోలెమీని క్రీ.శ. 40లో రోమన్ చక్రవర్తి కాలిగులా చంపించినప్పుడు, టోలెమీ దగ్గరి విముక్త బానిస ఈడిమోన్ రోమ్‌పై తిరుగుబాటు చేయగా, ఈ ఊరు రోమ్ పక్షాన నిలిచింది. స్థానికులను ఆ యుద్ధంలో నడిపిన మార్కస్ వలేరియస్ సెవెరస్ శాసనాన్ని శ్రద్ధగా చదవాలి: అతని పేరు రోమన్, తండ్రి బోస్టర్ పేరు ఉత్తరాఫ్రికా ప్రాచీన నగరం కార్తేజ్ సంప్రదాయానిది, భార్య ఫాబియా బీరా తండ్రి ఇజెల్టా పేరు బెర్బర్. వొలూబిలిస్ స్వభావమంతా నాకు ఆ ఒక్క రాతిలోనే కనిపిస్తుంది.

సుమారు 285 నాటికి రోమన్ పాలన వైదొలగినా జనం ఊరు వదల్లేదు; 788లో వచ్చిన, మొరాకోలో ఇద్రిసీ రాజవంశాన్ని స్థాపించిన మొదటి ఇద్రిస్‌కు ఆశ్రయమిచ్చినదీ ఇక్కడి ఔరాబా తెగ బెర్బర్లే. అందుకే రోమన్ భవనాల దగ్గరే చూడటం ముగించకండి.

నీడ తక్కువ కనుక ఉదయాన్నే వెళ్లండి, టోపీ, నీళ్లు వెంట ఉంచుకోండి. మొజాయిక్‌లలో చాలావరకు ఎండావానల్లోనే ఉన్నాయి, దయచేసి వాటిని తొక్కకండి. ఇక్కడ దొరికిన రెండవ జూబా, రోమన్ రాజనీతిజ్ఞుడు కేటోల కాంస్య ప్రతిమలు మొరాకో రాజధాని రబాత్‌లోని మ్యూజియంలో ఉన్నాయి. ప్రయాణంలో దానికీ ఒక పూట కేటాయించుకోండి.