ఫాల్ సెమిస్టర్‌కి విదేశం వెళ్తున్నారా? ఇంట్లో గంజాయి కుండీ ఉంటే ఈ జాగ్రత్తలు

హైదరాబాద్‌లో గదిలో లైట్లు పెట్టి, కుండీల్లో గంజాయి పెంచుతూ దొరికారన్న వార్త మళ్లీ చూశాను. ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన కుర్రాళ్లు అనే మాట ఒకటుంది: "అదే అమెరికాలో అయితే లీగలే కదా అన్నా." ఆగస్టులో విమానం ఎక్కబోయేవాళ్లు ఆ మాట పట్టుకుని దిగుతారు. దిగిన నెల రెండు నెలల్లో, అంటే సెప్టెంబరు చివర, అక్టోబరులో, అక్కడ ఆరుబయట పెంచిన గంజాయి కోతకొస్తుంది. ముందు నుంచీ ఉన్న రూమ్మేట్ పెరట్లోనో క్లాజెట్‌లోనో (బట్టలు పెట్టుకునే అర) మొక్క ఉంటే, కొత్తగా వచ్చిన మీరు సరిగ్గా ఆ కోత టైముకి ఆ ఇంట్లో ఉంటారు.

గంజాయి మంచిది కాదని, చదువు పాడవుతుందని, ఇంట్లోవాళ్లు బాధపడతారని మీకు తెలుసు. అవి వదిలేస్తున్నా.

నేను చూసినంతలో ఇరుక్కున్నవాళ్లెవరూ అమ్మేవాళ్లు కాదు. "ఈ రాష్ట్రంలో లీగలే" అనుకుని రూమ్మేట్ ఊరెళ్తే నీళ్లు పోసినవాళ్లు, ఫొటో దిగినవాళ్లు, అడిగితే నిజాయితీగా "అవును, మేం పెంచుకుంటాం" అని చెప్పేసినవాళ్లు. తప్పు ఒక్కటే. వీసా ఇచ్చింది రాష్ట్రం కాదు. వీసా, ఐ-20 (విద్యార్థి అర్హత పత్రం), హెచ్-1బీ, గ్రీన్‌కార్డు అన్నీ ఫెడరల్, అంటే అక్కడి కేంద్ర ప్రభుత్వం చేతిలో ఉంటాయి. ఫెడరల్ చట్టంలో ఇంట్లో గంజాయి పెంచడం నేరం. కాలిఫోర్నియా పోలీసు చూసి నవ్వి వెళ్లిపోయిన కుండీయే రేపు ఎయిర్‌పోర్టులో మీ మెడకు చుట్టుకోవచ్చు.

అందులోనూ ఇమిగ్రేషన్ చట్టంలో ఒక మెలిక ఉంది. దేశంలోకి రానివ్వకుండా ఆపడానికి కోర్టులో శిక్ష పడి ఉండనక్కర్లేదు. డ్రగ్స్ చట్టాన్ని ఉల్లంఘించే పని చేశానని మీ నోటితో మీరు ఒప్పుకుంటే అదే చాలు. 30 గ్రాముల లోపు సొంతానికి ఉంచుకున్న ఒకే ఒక్క కేసుకు డిపోర్టేషన్ నుంచి మినహాయింపు ఉందని ఎవరో ఒకరు చెబుతారు. నిజమే, ఉంది. కానీ అది దగ్గర ఉంచుకున్నందుకే, పెంచినందుకు కాదు. పైగా ఒకసారి ఇండియా వచ్చి తిరిగి అడుగుపెట్టేటప్పుడు ఆ మినహాయింపు అక్కరకు రాదు.

ఎక్కడ ఎన్ని మొక్కలకు అనుమతి

రాష్ట్రం మారితే లెక్క మారుతుంది. కాలిఫోర్నియాలో ఇంటికి ఆరు మొక్కలు. కొలరాడోలో మనిషికి ఆరు, అందులో పూతకొచ్చినవి మూడు దాటకూడదు. న్యూజెర్సీలో షాపులో కొనుక్కోవచ్చు, ఇంట్లో ఒక్క మొక్క పెంచినా క్రిమినల్ కేసు. ఆ రాష్ట్రంలోని ఎడిసన్‌లో ఉండేవాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు. సియాటిల్ ఉన్న వాషింగ్టన్ రాష్ట్రంలోనూ అంతే, మామూలు వాడకానికి ఇంటి పెంపకం కుదరదు. టెక్సస్‌లో ఆ ఊసే లేదు.

కెనడాలో నాలుగు మొక్కలు. మనిషికి కాదు, ఇంటికి. ఆరుగురు కుర్రాళ్లు బేస్‌మెంట్ పంచుకుంటే ఆరుగురికీ కలిపి నాలుగే. చట్టవిరుద్ధంగా పెంచితే గరిష్ఠ శిక్ష 14 ఏళ్లు. అంత పెద్ద శిక్ష ఉన్న సెక్షన్‌లో ఇరుక్కుంటే పీఆర్ (శాశ్వత నివాసం) ఆశ దాదాపు వదులుకున్నట్టే. క్యూబెక్‌లో ఒక్క మొక్క కూడా కుదరదు, ఆ నిషేధాన్ని 2023లో కెనడా సుప్రీంకోర్టు కూడా సమర్థించింది.

జర్మనీలో 2024 ఏప్రిల్ 1 నుంచి పెద్దవాళ్లు మనిషికి మూడు మొక్కలు పెంచుకోవచ్చు. అయితే ఆ దేశంలో కనీసం ఆరు నెలలుగా నివాసం ఉండాలి. అక్టోబరు సెమిస్టర్‌కి దిగినవాళ్లకు ఆ హక్కే లేదు. ఎండిన సరుకు ఇంట్లో మనిషికి 50 గ్రాములు దాటకూడదు. చిక్కంతా ఇక్కడే. ఆరుబయట బాగా పెరిగిన ఒక్క ఆడ మొక్కే 50 గ్రాములు దాటించేస్తుంది. మూడూ ఒకేసారి కోతకొచ్చాయనుకోండి, సెప్టెంబరులో చట్టప్రకారం ఉన్న మనిషి అక్టోబరులో పూత ఎండేసరికి నేరస్థుడవుతాడు. మిగిలింది పారేయాలి. స్నేహితుడికి ఊరికే ఇచ్చినా తప్పే.

మగ మొక్క, ఆడ మొక్క

"అది మగ మొక్క అన్నా, దాంట్లో ఏం ఉండదు, కేసు కాదు." ఇది నమ్మి చాలామంది మోసపోతున్నారు. బొప్పాయిలో లాగే ఇందులోనూ మగ, ఆడ వేరువేరు మొక్కలు. పూతకు ముందు కణుపుల దగ్గర తేడా తెలుస్తుంది. మగదానికి చిన్న చిన్న గుండ్రటి మొగ్గలు గుత్తిగా వస్తాయి, ఆడదానికి జంటగా తెల్లటి వెంట్రుకల్లాంటివి. మగవి ముందుగా బయటపడతాయి. పెంచేవాళ్లు వాటిని పీకి పారేస్తారు, ఎందుకంటే పుప్పొడి పడితే ఆడ పూతంతా గింజలు కడుతుంది. మత్తు ఎక్కువగా ఉండేది ఆడ పూతలోనే.

చట్టానికి ఇదేం పట్టదు. అమెరికా ఫెడరల్ కోర్టులు శిక్ష లెక్కవేసే నియమావళిలో మగా ఆడా తేడా లేకుండా మొక్కకు 100 గ్రాములు అని స్పష్టంగా ఉంది. నీళ్ల గ్లాసులో వేరు పోసుకున్న చిన్న కొమ్మ ముక్క కూడా ఒక మొక్క కిందే లెక్క. మన దేశ మత్తుమందుల చట్టం (ఎన్‌డీపీఎస్, 1985) ఇంకో దారిలో అదే చోటికి వస్తుంది. గంజాయి అంటే పూత, కాయ ఉన్న కొసలు. విడిగా ఉన్న గింజలూ ఆకులూ ఆ మాట కిందికి రావు. ఇది చదివి గింజలు తెచ్చి కుండీలో వేస్తే మాత్రం సెక్షన్ 20 కింద సాగు కేసు అవుతుంది. పదేళ్ల వరకు కఠిన జైలు, లక్ష వరకు జరిమానా. కిలో లోపైతే చిన్న కేసేనన్న లెక్క సాగుకు వర్తించదు. ఏ జాతి, మగా ఆడా అని ఎవరూ అడగరు.

ఇంకో మాట. పూతకొచ్చాక వాసన దాగదు. టెంట్ వేసి, ఫ్యాన్ పెట్టి, ఫిల్టర్ బిగించినా, అదే క్లాజెట్‌లో వేలాడే మీ జాకెట్‌కు పడుతుంది. ఆ జాకెట్ వేసుకునే మీరు క్లాసుకి, ఇంటర్వ్యూకి, ఎయిర్‌పోర్టుకి వెళ్తారు. కోసి ఆరబెట్టే వారం పది రోజులూ ఇంకా ఘాటు.

పెరట్లో గోంగూర, బెండ వేసుకునేవాళ్లు నిశ్చింతగా వేసుకోండి. అయితే 2014లో జార్జియా రాష్ట్రంలో ఒక పెద్దాయన బెండ మొక్కల్ని హెలికాప్టర్ నుంచి చూసి గంజాయి అనుకుని పోలీసులు ఇంటి మీదికి వచ్చారు. బెండకే అంత హడావుడి.

ఇక మిగిలినవి వరసగా చెప్పేస్తా.

లీజు మీద సంతకం పెట్టేముందు ఇల్లంతా చూడండి. క్లాజెట్, గరాజ్, బేస్‌మెంట్, పెరడు. తాళం వేసిన గది ఉంటే తీయించి చూడండి.

మొక్క ఉంటే ఆ ఇంట్లో దిగొద్దు. అద్దె 200 డాలర్లు తక్కువైనా సరే.

అప్పటికే దిగిపోయారా? మొక్కైనా తీయాలి, మీరైనా వెళ్లాలి. "ఈ కోత అయ్యేదాకా ఆగుదాం" అన్న బేరానికి ఒప్పుకోవద్దు. కోత రోజే ఇంట్లో సరుకు అన్నిటికంటే ఎక్కువ ఉండే రోజు.

నీళ్లు పోయొద్దు. ఆకు తుంచొద్దు. ఆరబెట్టడంలో చెయ్యి వేయొద్దు.

కరెంటు బిల్లు, లైట్ల ఆర్డరు, విత్తనాల పార్శిల్, ఏదీ మీ పేరు మీద ఉండకూడదు. మీ కార్డు ఇవ్వొద్దు, తర్వాత డబ్బులు పంపిస్తానన్నా సరే.

ఫొటోలు వద్దు. సరదాకి కూడా వద్దు. సరిహద్దు అధికారులు ఫోన్ తెరిచి చూడగలరు. వాట్సాప్ గ్రూపులో వచ్చిన ఫొటో దానంతటదే గ్యాలరీలో పడుతుంది, ఆటో డౌన్‌లోడ్ ఇవాళే ఆపేయండి.

అధికారి అడిగితే అబద్ధం చెప్పొద్దు. అది విడిగా ఇంకో కేసు, దానివల్ల శాశ్వతంగా తలుపులు మూసుకుపోతాయి. అలాగని కథంతా చెప్పుకుపోవద్దు. ప్రయాణానికి ముందే ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడండి. క్రిమినల్ లాయర్ ఒక్కడే సరిపోడు. కేసు చిన్నదే, ఒప్పేసుకో అని అతను రాష్ట్ర చట్టం చూసి సలహా ఇస్తాడు. వీసా ఇచ్చింది రాష్ట్రం కాదు.

గంజాయికి వైద్య కార్డు తీసుకోవద్దు. డాక్టరు రాసిచ్చినా ఫెడరల్ చట్టంలో తేడా రాదు.

గంజాయి షాపులో, తోటలో పార్ట్‌టైం చేయొద్దు. జీతం చెక్కే సాక్ష్యం. గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లు కూడా చేయొద్దు, పౌరసత్వం దగ్గర ఇదే పట్టుకుంటారు.

రాష్ట్రం దాటించొద్దు. దేశం దాటించొద్దు. కెనడా నుంచి అమెరికాకు, అమెరికా నుంచి హైదరాబాద్‌కు ఒక్క గింజ కూడా వద్దు. ఎవరో ఇచ్చిన పొట్లం సూట్‌కేసులో పెట్టొద్దు.

పాత కేసు కొట్టేశారని ధీమా వద్దు. 2025 వసంతంలో వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ఫెడరల్ నమోదు) రికార్డులు ఒక్కసారిగా రద్దయినప్పుడు, అందులో కొట్టేసిన చిన్న చిన్న కేసులవాళ్లూ ఉన్నారు. కోర్టులకెక్కాక చాలామందివి తిరిగొచ్చాయి, కానీ ఆ వారాల టెన్షన్ పడ్డవాళ్లకే తెలుసు.

ఇక్కడ ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు ఒక్క మాట. తెలిసి ఊరుకుంటే మీ మీదా కేసు ఉంటుంది. మేడ మీద కుండీలు చూసి రండి. ఏపీలో 1972, తెలంగాణలో 1908కి ఫోన్ చేయండి.

ఇదంతా విన్నాక కూడా ఎవడో ఒకడు "కానీ అన్నా, మా స్టేట్‌లో..." అంటాడు. మీ స్టేట్ మీ వీసా మీద సంతకం పెట్టలేదు నాయనా. ఇవాళ రాత్రికే ఆ క్లాజెట్ తలుపు తీసి చూడు.