జెల్‌లోంచి డీఎన్‌ఏ తీయడం: కిట్ తెరవకముందే ఉన్న పని

గుంటూరులో ఒక కాలేజీ ల్యాబ్‌లో పదకొండేళ్లుగా పనిచేస్తున్నాను. ఏటా సంక్రాంతి వెళ్లాక ఎమ్మెస్సీ ప్రాజెక్టు పిల్లలు వస్తారు. వాళ్లలో సగం మంది చేతిలో మిరపాకులే ఉంటాయి. మా వైపు మిరపాకు ముడుచుకుంటే రైతు ముందు పైముడతా, కిందిముడతా అని చూస్తాడు. పైకి ముడుచుకుంటే తామర పురుగు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఈ రెండూ కాక ఆకు చిన్నదైపోయి, ఈనెలు ఉబ్బి, మొక్క గిడసబారితే జెమినీ వైరస్ అంటాడు. దాన్ని తెల్లదోమ మోసుకొస్తుంది.

అది వైరసేనని ల్యాబ్‌లో తేల్చాలంటే ఆకు డీఎన్‌ఏ తీసి, వైరస్ కోట్ ప్రోటీన్ (పైతొడుగు) జన్యువుని పీసీఆర్‌లో, అంటే ఒకే ముక్కకి లక్షల నకళ్లు తీసే పద్ధతిలో, పెంచి, జెల్ మీద, అంటే డీఎన్‌ఏని పొడవుని బట్టి విడదీసే జెల్లీ పలకలో, కరెంటుతో నడపాలి. సుమారు 770 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) పొడవు దగ్గర బ్యాండ్, అంటే డీఎన్‌ఏ గీత, పడుతుంది. ఆ బ్యాండ్‌ని కోసి, శుభ్రం చేసి సీక్వెన్సింగ్‌కి (అక్షరాల వరస చదివించడానికి) పంపాలి. పిల్లలు ఈ శుభ్రం చేసే కిట్‌లోని కాగితం మొత్తం చదివే వస్తారు. కానీ డీఎన్‌ఏ ఎక్కువగా పోయేది కిట్ తెరవకముందే, జెల్ మీదే. అందుకే నేను అక్కడే ఎక్కువసేపు చెబుతాను.

జెల్ 1 శాతం చాలు. టీఏఈ బఫర్ (జెల్ మునిగి నడిచే ద్రావణం) ఆ రోజు కలిపిందే వాడండి. పాత బఫర్ పీహెచ్ మారిపోయి ఉంటుంది, దాని ఫలితం తర్వాత ట్యూబ్‌లో రంగుగా కనిపిస్తుంది. జెల్‌లో గుంటలు చేసే దువ్వెన పళ్లు రెండు మూడింటిని కలిపి టేప్ చుట్టి జెల్ పోస్తే వెడల్పాటి వెల్ (శాంపిల్ పోసే గుంట) వస్తుంది. పీసీఆర్ ప్రోడక్ట్ 50 మైక్రోలీటర్లూ అందులో ఒకేసారి పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ రోజుల్లో ఏసీ లేని గదిలో 100 వోల్టుల మీద నడిపితే బఫర్ వేడెక్కి బ్యాండ్ వంకరపోతుంది. మేం ఏప్రిల్ నుంచి బఫర్‌ని ముందురోజు రాత్రే ఫ్రిజ్‌లో పెట్టి, 70 వోల్టుల మీద నిదానంగా నడుపుతాం. మధ్యలో కరెంటు పోతే జెల్‌ని అలాగే వదిలేయకండి. బ్యాండ్ నిమిషనిమిషానికీ పరుచుకుపోతుంది. పది నిమిషాల్లో కరెంటు రాకపోతే ట్రేతో సహా ఫ్రిజ్‌లో పెట్టండి.

ఇప్పుడు కోత. నేను ప్రాజెక్టు చేసేటప్పుడు మా మామయ్య పొలం నుంచి తెచ్చిన ఆకులతో పనిచేశాను. ప్రత్తిపాడు దగ్గర ఆయనకు రెండెకరాల మిరప ఉండేది. బ్యాండ్ చక్కగా పడింది. అప్పట్లో నేను వెళ్లిన ల్యాబ్‌లో ఒక సీనియర్ జెల్‌ని, డీఎన్‌ఏ మెరిసి కనిపించే యూవీ (అతినీలలోహిత కాంతి) పెట్టె మీద పెట్టి ఫొటో సరిగా రాలేదని మళ్లీ మళ్లీ తీశారు. అయిదారు నిమిషాలు పట్టి ఉంటుంది. తర్వాత అదే బ్యాండ్ కోసి, శుభ్రం చేసి, ప్లాస్మిడ్‌లో (బ్యాక్టీరియాలోకి ఎక్కించే చిన్న డీఎన్‌ఏ వలయంలో) అతికించాను. మూడు వారాలు ప్లేట్ల మీద ప్లేట్లు వేసినా నాకు కావలసిన కాలనీ ఒక్కటీ రాలేదు. లైగేజ్ (అతికించే ఎంజైమ్) మీద అనుమానపడ్డాను, బ్యాక్టీరియా కణాల మీద అనుమానపడ్డాను. రాత్రుళ్లు నిద్రపట్టనంత టెన్షన్. చివరికి కొత్త జెల్ వేసి, యూవీ దాదాపు తగలకుండా కోస్తే రెండో రోజుకే కాలనీలు వచ్చాయి.

కారణం సూటిగా ఉంది. సాధారణ యూవీ పెట్టెలో 302 లేదా 312 నానోమీటర్ల కాంతి ఉంటుంది. ఆ కాంతికి పక్కపక్కనే ఉన్న థైమిన్‌లు ఒకదానికొకటి అతుక్కుపోతాయి. జెల్ మీద చూస్తే బ్యాండ్ మామూలుగానే మెరుస్తుంది, లోపల డీఎన్‌ఏ మాత్రం దెబ్బతిని ఉంటుంది. 365 నానోమీటర్ల దీపం ఉంటే నష్టం చాలా తక్కువ. నీలికాంతి పెట్టె, దానికి సరిపోయే, డీఎన్‌ఏకి పట్టే రంగు ఉంటే ఇంకా మంచిది.

రెండూ లేని కాలేజీలే ఎక్కువ కాబట్టి మా దగ్గర చేసే పద్ధతి చెబుతాను. లాడర్ (పొడవు తెలిసిన డీఎన్‌ఏ ముక్కల కొలబద్ద) పక్కన ఒక చిన్న వెల్‌లో అదే శాంపిల్ 3 మైక్రోలీటర్లు వేయండి. దాని పక్కన వెడల్పాటి వెల్‌లో మిగతాదంతా. రన్ అయ్యాక జెల్‌ని నిలువుగా కోసి, లాడరూ చిన్న లేనూ ఉన్న ముక్కని మాత్రమే యూవీ మీద పెట్టండి. బ్యాండ్ పై అంచు దగ్గర ఒకటి, కింది అంచు దగ్గర ఒకటి బ్లేడ్‌తో గంట్లు పెట్టండి. ఆ ముక్కని తెచ్చి మళ్లీ పెద్ద ముక్క పక్కన వెల్‌లు సరిగ్గా ఒక వరసలోకి వచ్చేలా చేర్చి, ట్యూబ్‌లైట్ వెలుతురులోనే గంట్లకి సూటిగా అడ్డంగా కోయండి. మీకు కావలసిన డీఎన్‌ఏ యూవీని చూడనే చూడదు. కోశాక మిగిలిన జెల్‌ని యూవీ మీద పెట్టి చూస్తే బ్యాండ్ ఉండాల్సిన చోట ఖాళీ కిటికీ కనిపించాలి. కిటికీ అంచున సన్నగా మెరుపు మిగిలితే ఎంత పక్కకి కోశారో తెలుస్తుంది.

కోసిన ముక్కని గాజు పలక మీద పడుకోబెట్టి కొత్త బ్లేడ్‌తో పైనా కిందా చెక్కండి. జెల్ మందంలో డీఎన్‌ఏ ఉండేది వెల్ లోతు వరకే, వెల్ అడుగు కింద ఉన్నదంతా వట్టి అగరోజ్ (జెల్ చేసే పదార్థం). ఈ చెక్కడం చాలామంది చేయరు. 400 మిల్లీగ్రాముల ముక్క 150కి దిగుతుంది, బఫర్ ఖర్చూ తగ్గుతుంది, కాలమ్‌లో (కిట్‌లోని వడపోత గొట్టంలో) అగరోజ్ ఇరుక్కోదు. యూవీ దగ్గర ముఖానికి షీల్డ్, చేతులకి నైట్రైల్ గ్లవ్స్ తప్పనిసరి. గ్లవ్‌కీ ఆప్రాన్ చేతికీ మధ్య మణికట్టు బయటపడకుండా చూసుకోండి, కాలేది అక్కడే.

ఖాళీ ట్యూబ్ బరువు ముందే చూసి రాసుకోండి. ముక్క 150 మిల్లీగ్రాములుంటే కిట్‌లోని జెల్ కరిగించే బఫర్ 450 మైక్రోలీటర్లు, అంటే మూడింతలు. జెల్ 2 శాతం దాటితే ఆరింతలు పోయాలి. ఈ బఫర్‌లో ఉండేది గ్వానిడిన్ థయోసయనేట్. అది అగరోజ్‌ని కరిగిస్తుంది, డీఎన్‌ఏ చుట్టూ ఉన్న నీటిని లాగి కాలమ్ పొరలోని సిలికాకి (గాజులాంటి పదార్థానికి) అంటుకునేలా చేస్తుంది. 1979లో వోగెల్‌స్టీన్, గిలెస్పీ సోడియం అయొడైడ్‌తో జెల్‌ని కరిగించి, గాజు పొడికి డీఎన్‌ఏని అంటించి తీశారు. నేటి కాలమ్‌లో తెల్లగా కనిపించే పొర ఆ గాజు పొడి చేసిన పనే చేస్తోంది.

50 డిగ్రీల దగ్గర పది నిమిషాలు ఉంచి, రెండు మూడు నిమిషాలకోసారి తిప్పుతూ ఉండండి. వెలుతురుకి ఎత్తి చూస్తే చిన్న అద్దం ముక్కలా కరగని జెల్ కనిపించవచ్చు. అది ఉన్నంతసేపూ కాలమ్‌లో పోయొద్దు. మా కిట్ బఫర్‌లో పీహెచ్ చూపించే రంగు ఉంటుంది. కరిగాక పసుపుగా ఉండాలి. నారింజకో ఊదాకో తిరిగితే పీహెచ్ 7.5 దాటినట్టు, డీఎన్‌ఏ సరిగా అంటుకోదు. 3 మోలార్ సోడియం అసిటేట్, పీహెచ్ 5.0 ఉన్నది, 10 మైక్రోలీటర్లు వేస్తే పసుపు తిరిగొస్తుంది. మీ డీఎన్‌ఏ ముక్క 500 బేస్‌ల లోపుదైతే జెల్ బరువుకి సమానంగా ఐసోప్రొపనాల్ కలపండి. మన 770కి అది అవసరం లేదు.

ఒక జాగ్రత్త. ఈ బఫర్ ఒలికిందని బ్లీచ్‌తో తుడవకండి. రెండూ కలిస్తే విషవాయువులు వస్తాయి. నీళ్లూ సబ్బుతోనే తుడవండి, కాలమ్ కిందికి దిగిన ద్రవాన్ని వేరే సీసాలో పట్టండి.

కాలమ్‌లో పోసి సెంట్రిఫ్యూజ్ యంత్రంలో ఒక నిమిషం స్పిన్ చేశాక, వాష్ బఫర్ 750 మైక్రోలీటర్లు వేసి వెంటనే తిప్పేయకుండా అయిదు నిమిషాలు ఆగండి. లోపల మిగిలిన గ్వానిడిన్ అప్పుడే కడుక్కుపోతుంది. వాష్ బఫర్‌లో ఇథనాలే ఎక్కువ. ఎండాకాలంలో మూత వదులుగా ఉంటే ఆవిరైపోతుంది, పలచబడ్డ బఫర్‌తో కడిగితే డీఎన్‌ఏ కూడా కాలువలోకే. సీసా మీద ఇథనాల్ కలిపిన తేదీ రాయండి.

పోయినేడు తెనాలి నుంచి వచ్చే అమ్మాయి పరుగెత్తుకుంటూ వచ్చింది.

"మేడమ్, ఎంత జాగ్రత్తగా లోడ్ చేసినా శాంపిల్ వెల్‌లో నిలబడట్లేదు. పైకి తేలిపోతోంది."

"వాష్ అయ్యాక ఖాళీ కాలమ్‌ని ఒకసారి తిప్పావా అమ్మా?"

తిప్పలేదు. ఇథనాల్ మిగిలితే శాంపిల్ నీళ్లకన్నా తేలికై లేచిపోతుంది. సీక్వెన్సింగ్ రియాక్షన్‌కీ అది అడ్డే. వాష్ నీళ్లు పారబోసి, ఖాళీ కాలమ్‌ని 13,000 ఆర్‌పీఎమ్ దగ్గర ఒక నిమిషం తిప్పండి. తర్వాత కొత్త ట్యూబ్‌లో పెట్టి మూత తీసి రెండు నిమిషాలు వదిలేయండి.

ఎల్యూషన్‌కి, అంటే పొరనుంచి డీఎన్‌ఏని దించడానికి, 30 మైక్రోలీటర్ల ట్రిస్ బఫర్, పీహెచ్ 8.5, ముందే 55 డిగ్రీలకి వేడిచేసి పెట్టుకోండి. టిప్ పొరకి తగలకుండా సరిగ్గా నడిమధ్యన చుక్క వదలాలి. గోడకి అంటుకున్న చుక్క డీఎన్‌ఏని తేదు. రెండు నిమిషాలు ఆగి తిప్పండి. డిస్టిల్డ్ వాటర్ వాడేవాళ్లు ముందు పీహెచ్ చూసుకోండి. నిలవున్న నీళ్లు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పీల్చుకుని ఆమ్లంగా మారతాయి, దాంతో దిగుబడి పడిపోతుంది.

డీఎన్‌ఏ కొలిచే నానోడ్రాప్ యంత్రంలో 260/230 (ఆ రెండు నానోమీటర్ల దగ్గర పీల్చిన కాంతి నిష్పత్తి, శుద్ధికి గుర్తు) తక్కువొచ్చిందని పిల్లలు ఏడుపుముఖం పెడతారు. జెల్ నుంచి తీసిన శాంపిల్‌కి అది మామూలే, మిగిలిన కాస్త గ్వానిడిన్ 230 దగ్గర కాంతిని పీలుస్తుంది. నేను 2 మైక్రోలీటర్లు మళ్లీ జెల్ మీద వేసి లాడర్ పక్కన చూస్తాను. ఒకే బ్యాండ్, 770 దగ్గర, వెనక తోకలేకుండా ఉంటే పంపేయొచ్చు. మిగిలినదాన్ని రెండు ట్యూబుల్లోకి పంచి, మూత మీదా పక్కనా తేదీ, ఏ ఊరి పొలమో, ఏ మొక్కో పెన్సిల్‌తో టేప్ మీద రాసి మైనస్ 20లో పెట్టండి. మార్కర్ రాతైతే ఇథనాల్ తగిలితే చెరిగిపోతుంది.