అసాల్ట్: పుట్టుక తెలుసుకొని, సరైన తెలుగు మాటను ఎంచుకోవడం

అసాల్ట్ అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువులు సాధారణంగా ‘దాడి’ అని అర్థం చెబుతాయి. అది తప్పు కాదు గాని, అంతటితో ఆగితే న్యాయశాస్త్ర వాక్యాలను తెలుగు చేసేటప్పుడు పొరబడతాం. అందుకని ముందుగా మాట పుట్టుకను చూడాలి.

లాటిన్‌లో ‘ఆద్’ అంటే వైపు, ‘సలీరే’ అంటే దూకడం. ఈ రెండూ కలిసి ‘మీదికి దూకడం’ అనే భావంతో పాత ఫ్రెంచిలో స్థిరపడిన మాట సుమారు 1300 నాటికి ఇంగ్లీషులోకి వచ్చింది. అప్పటి రాతలో లకారం లేదు. లాటిన్ మూలాన్ని అనుసరించి తరువాతి కాలంలో దాన్ని మళ్ళీ చేర్చారు. పల్టీని సూచించే సామర్‌సాల్ట్, అవమానాన్ని సూచించే ఇన్సల్ట్, ఫలితాన్ని సూచించే రిజల్ట్ కూడా ఈ దూకుడు ధాతువు నుంచి వచ్చినవే. ఉప్పును సూచించే సాల్ట్‌కు మాత్రం వీటితో చుట్టరికం లేదు.

తరువాత, మాట ఏ సందర్భంలో వచ్చిందో గమనించాలి. ఇంగ్లండు ఉమ్మడి న్యాయ సంప్రదాయంలో, ఇప్పుడే దెబ్బ పడుతుందని ఎదుటివారు తలచేలా పిడికిలి ఎత్తి మీదికి వస్తే అదే అసాల్ట్. ఆ పిడికిలి ఒంటికి తగిలితే అది బ్యాటరీ అనే వేరే నేరం. ఈ తేడాను చెప్పడానికి తెలుగులో చక్కని నుడికారం ఉంది. ‘మీదికి వచ్చాడు గాని చెయ్యి చేసుకోలేదు’ అన్నప్పుడు మొదటి సగం అసాల్ట్, జరగలేదని చెప్పిన రెండో సగం బ్యాటరీ. ఇలాంటి చోట ‘దాడి చేశాడు’ అని రాస్తే, తగలని దెబ్బ తగిలినట్టు అవుతుంది. అయితే వార్తల్లోనూ, కొన్ని ప్రాంతాల చట్టాల్లోనూ రెంటినీ కలిపి అసాల్ట్ అనే అంటారు కాబట్టి, అక్కడ ‘దాడి’ సరిపోతుంది.

యుద్ధ వర్ణనలో దీన్ని ‘ముట్టడి’ అనకూడదు. కోటను చుట్టుముట్టి కూర్చోవడం ముట్టడి. గోడలెక్కి ఒక్కసారిగా విరుచుకుపడడం అసాల్ట్. ‘విరుచుకుపడు’, ‘ఎగబడు’, ‘మీదపడు’ అనే క్రియల్లో ఆ లాటిన్ దూకుడు ఉంది కాబట్టి, చట్టపరమైన నిర్వచనం అక్కరలేని చోట ముందుగా వీటినే ప్రయత్నించాలి.