లారీల రద్దీ, రోడ్డు దుమ్ముపై స్థానిక సంస్థల రికార్డులు పొందడం: దక్షిణ ఒడిశాలోని తెలుగువారికి దరఖాస్తు విధానం

రాయగడలోనో, జయపురంలోనో, పర్లాకిమిడిలోనో రోడ్డు వార ఇల్లు ఉన్నవారికి లారీల దుమ్ము గురించి ఒకరు చెప్పవలసిన పని లేదు. అయితే ఆ దుమ్ము అణచడానికి పురపాలక సంఘం నీళ్లు చల్లించిందా, పగటిపూట భారీ వాహనాలు ఊళ్లోకి రాకూడదని ఎవరైనా ఉత్తర్వు ఇచ్చారా, ఇస్తే అది ఏ మేరకు అమలయింది అన్న ప్రశ్నలకు జవాబు కార్యాలయాల కాగితాలలోనే ఉంటుంది. ఆ కాగితాలను చూసే హక్కు, నకళ్లు తీసుకునే హక్కు 2005 నాటి సమాచార హక్కు చట్టం ద్వారా పౌరులందరికీ ఉన్నాయి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల తెలుగువారు ఆ దరఖాస్తును ఎవరికి, ఏ భాషలో, ఏ రుసుముతో ఇవ్వాలో, అందులో ఏమి అడిగితే పని జరుగుతుందో ఇక్కడ వివరిస్తున్నాము.

మొదట భాష సంగతి తేల్చుకోవాలి, ఎందుకంటే మనవారి దరఖాస్తులు ఎక్కువగా ఇక్కడే చిక్కుకుంటాయి. చట్టంలోని 6వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు ఇంగ్లీషులో గాని, హిందీలో గాని, ఆ ప్రాంతపు అధికార భాషలో గాని ఉండాలి. ఒడిశాలో ఆ భాష ఒడియా. వీధి వీధంతా తెలుగు వినిపించే చోట కూడా తెలుగులో రాసిన సమాచార దరఖాస్తును తీసుకోవలసిన బాధ్యత అధికారికి లేదు. నేను ఒకసారి ఒక కార్యాలయానికి తెలుగులో రాసి పంపితే అది తిరిగి రావడానికే మూడు వారాలు పట్టింది. ఒడియా గడగడా మాట్లాడుతూ లిపి రానివారు మనలో చాలామంది ఉన్నారు. వారికి అదే సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది: రాసి ఇవ్వలేని వ్యక్తి నోటితో చెప్పిన కోరికను కాగితం మీద పెట్టడానికి పౌర సమాచార అధికారి తగిన సాయం చేయాలి. అడగడానికి మొహమాటపడనక్కరలేదు, చేతనైనవారు మాత్రం ఇంట్లో బడికి వెళ్లే పిల్లల చేత ఒడియాలో రాయించుకుని వెళ్లడం మేలు.

తరువాత, రోడ్డు ఎవరిదో తెలుసుకోవాలి. ఇచ్ఛాపురం దాటి బరంపురం వెళ్లే 16వ నంబరు, సాలూరు మీదుగా కొరాపుట్ ఎక్కే 26వ నంబరు, రాయగడ గుండా పోయే 326వ నంబరు, పాతపట్నం దాటగానే పర్లాకిమిడిలో ప్రవేశించే 326ఎ నంబరు రోడ్లు జాతీయ రహదారులు. వీటిలో కొన్ని భాగాలను కేంద్రానికి చెందిన జాతీయ రహదారుల ప్రాధికార సంస్థ, కొన్నింటిని రాష్ట్ర పనుల శాఖలోని జాతీయ రహదారుల డివిజన్ చూస్తాయి. ఊరి లోపలి వీధులు పురపాలక సంఘానివి, బరంపురంలో అయితే నగరపాలక సంస్థవి. పల్లె రోడ్లలో పంచాయతీవి కొన్ని, గ్రామీణాభివృద్ధి శాఖవి కొన్ని. రోడ్లు, వాహనాలు నిలిపే స్థలాలు, బస్టాపులు, పర్యావరణ పరిరక్షణ అన్నీ రాజ్యాంగం 12వ షెడ్యూలులో పట్టణ సంస్థలకు అప్పగించదగిన 18 అంశాలలో ఉన్నవే కనుక, రోడ్డు మరొకరిదైనా దాని వెంట దుమ్ము, పార్కింగు గురించి పురపాలక సంఘాన్ని అడగడం తప్పు కాదు. చిరునామా పొరపాటు పడినా దరఖాస్తు వృథా కాదు. అందుకున్న అధికారి 5 రోజులలోగా సరైన కార్యాలయానికి బదిలీ చేసి మీకు తెలియజేయాలని 6(3) చెబుతోంది.

రాష్ట్ర కార్యాలయాలకు ఇచ్చే దరఖాస్తు ఒడిశా సమాచార హక్కు నియమాలు నిర్దేశించిన 'ఫారం ఎ'లో ఉండాలి. తెల్ల కాగితం మీద రాసినది చాలాచోట్ల వెనక్కి ఇస్తారు. రుసుము 10 రూపాయలు. దీన్ని కోర్టు ఫీజు స్టాంపుగా అంటించవచ్చు, ట్రెజరీ చలానాగా కట్టవచ్చు, లేదా కార్యాలయంలో నగదుగా ఇచ్చి రశీదు తీసుకోవచ్చు. పోస్టల్ ఆర్డరు కేంద్ర కార్యాలయాలకు చెల్లుతుంది గాని ఆ అలవాటుతో పురపాలక సంఘానికి పంపితే చిక్కు వస్తుంది. జాతీయ రహదారుల ప్రాధికార సంస్థకు రాసేటప్పుడు 'ఫారం ఎ' అవసరం లేదు, ఆన్‌లైన్‌లోనూ ఇవ్వవచ్చు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారు ఆ రుజువు జతచేస్తే రుసుము ఉండదు. గుర్తింపు కార్డు నకలు ఒకటి జతచేయండి. ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కరలేదు. కౌంటరులో ఎవరైనా అడిగినా 6(2)ను గుర్తుచేస్తే సరిపోతుంది.

ఇక అసలు విషయం, ఏమి అడగాలన్నది. "మా వీధిలో దుమ్ము ఎందుకు తగ్గించడం లేదు" అని రాస్తే దానికి జవాబు రాదు, వచ్చినా "ఇది సమాచారం నిర్వచనంలోకి రాదు" అన్న ఒక్క వాక్యమే వస్తుంది. కార్యాలయంలో ఉన్న రికార్డును ఇవ్వడమే అధికారి పని, కొత్తగా సమాధానం తయారు చేయడం కాదని సుప్రీంకోర్టు 2011లో స్పష్టం చేసింది. కాబట్టి ప్రశ్నలో ఎప్పుడూ ఒక కాగితం పేరు, ఒక కాలం, ఒక చోటు ఉండాలి. ఉదాహరణకు, పురపాలక సంఘాన్ని "ఫలానా వార్డులో ఫలానా మూడు నెలల పాటు నీళ్లు చల్లిన ట్యాంకరు లాగ్‌బుక్ నకలు, ఆ ట్యాంకరుకు చెల్లించిన డీజిలు బిల్లుల నకళ్లు, లారీ స్టాండు కేటాయింపుపై కౌన్సిల్ చేసిన తీర్మానాల నకళ్లు" అని అడగండి. ఈ మూడూ చేతికి వస్తే లాగ్‌బుక్‌లోని తేదీలకూ బిల్లులకూ పొత్తు కుదురుతుందా అన్నది మీరే చూసుకోగలరు. నా అనుభవంలో తీర్మానాల కంటే లాగ్‌బుక్కులే ఎక్కువ మాట్లాడతాయి.

భారీ వాహనాల రాకపోకలను వేళలవారీగా నియంత్రించే అధికారం మోటారు వాహనాల చట్టం 115వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రభుత్వానికి, అది అధికారమిచ్చిన అధికారికి ఉంటుంది. అందువల్ల "పట్టణంలోకి సరుకు వాహనాల ప్రవేశంపై 115 కింద అమలులో ఉన్న ఉత్తర్వు నకలు" అని కలెక్టరు కార్యాలయాన్ని అడగాలి. అటువంటి ఉత్తర్వే లేదని రాతపూర్వకంగా వచ్చినా అది విలువైన కాగితమే, తరువాత ఇచ్చే అర్జీకి పునాది అవుతుంది. జిల్లా రహదారి భద్రతా కమిటీ సమావేశాల మినిట్స్ కూడా ఇక్కడే అడగవచ్చు. ప్రాంతీయ రవాణా కార్యాలయాన్ని అధిక బరువు కేసుల సంఖ్య, కాలుష్య ధ్రువపత్రం లేని వాహనాలకు వేసిన చలానాల సంఖ్య నెలవారీగా కోరండి. లారీ యజమానుల పేర్లు అడగవద్దు. అది వ్యక్తిగత సమాచారమని తిరస్కరిస్తారు, దానితో పాటు మిగిలిన ప్రశ్నలూ మూలన పడతాయి.

కంకర క్రషర్లు, కర్మాగారాల సంగతి అయితే రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిని అడగాలి. దానికి బరంపురంలోనూ రాయగడలోనూ ప్రాంతీయ కార్యాలయాలు ఉన్నాయి. గాలి కాలుష్య నివారణ చట్టం కింద మండలి ఇచ్చే అనుమతి ఉత్తర్వులో నీళ్లు చల్లడం, టార్పాలిను కప్పి సరుకు తరలించడం వంటి షరతులు ఉంటాయి. ఆ ఉత్తర్వు, తనిఖీ నివేదికలు, గాలి నాణ్యత రీడింగులు మూడూ కలిపి కోరండి. 2009 జాతీయ ప్రమాణాల ప్రకారం పీఎం 10 ధూళి (10 మైక్రాన్లకు మించని సన్నని కణాలు) 24 గంటల సగటున ఘనపు మీటరుకు 100 మైక్రోగ్రాములు, పీఎం 2.5 అయితే 60 మించకూడదు. రీడింగులను వీటితో పోల్చుకోవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం చుట్టాలు తమ ఊరికి స్వచ్ఛ గాలి కార్యాచరణ ప్రణాళిక ఉందని చెబితే అది నిజమే. 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ గాలి కార్యక్రమంలో ఆ రెండు పట్టణాలూ ఉన్నాయి. ఒడిశా నుంచి భువనేశ్వర్, కటక్, రూర్కెలా వంటివి చేరాయి గాని రాయగడ, బరంపురం చేరలేదు. ఆ ప్రణాళిక నకలు కావాలని మన పురపాలక సంఘాన్ని అడగడం కాలయాపనే.

రాయగడ, కొరాపుట్ జిల్లాలు పూర్తిగా షెడ్యూల్డు ప్రాంతాలు. గజపతి జిల్లాలో ఆర్.ఉదయగిరి తహసీలు, గుమ్మ, రాయగడ బ్లాకులు ఆ పరిధిలోకి వస్తాయి. (గజపతిలోని రాయగడ బ్లాకు వేరు, రాయగడ జిల్లా వేరు, కవరు మీద జిల్లా పేరు విడిగా రాయకపోతే మీ ఉత్తరం కొండలు చుట్టి వస్తుంది.) ఈ ప్రాంతాలలో రాతి క్వారీ వంటి చిన్న తరహా ఖనిజాల లీజుకు ముందు గ్రామసభ లేదా తగిన స్థాయి పంచాయతీ సిఫారసు తప్పనిసరి అని 1996 నాటి పెసా చట్టం (షెడ్యూల్డు ప్రాంతాలకు పంచాయతీ వ్యవస్థను విస్తరించిన చట్టం) చెబుతోంది. కాబట్టి క్వారీ లారీలు ఊరి రోడ్డును తినేస్తున్నచోట ఆ సిఫారసు తీర్మానం, హాజరు సంతకాల పుట నకళ్లు కోరడం అన్నిటికన్నా ముందు చేయవలసిన పని.

పుటలు ఎన్ని ఉంటాయో తెలియనప్పుడు నకళ్ల బదులు ముందు ఫైలు పరిశీలనకు అనుమతి అడగండి. చట్టం 2(జె) ప్రకారం ఫైలు చూడవచ్చు, పనులను పరిశీలించవచ్చు, వేసిన రోడ్డు సామగ్రి నమూనా కూడా కోరవచ్చు. ఫైలు చూసి కావలసిన పుటల నంబర్లు రాసుకుని వాటికే పుటకు 2 రూపాయల చొప్పున కడితే సరిపోతుంది.

దరఖాస్తును స్వయంగా ఇస్తే రశీదు తీసుకోండి. స్పీడ్ పోస్టులో పంపితే అందినట్టు చూపే ట్రాకింగు పుటను ముద్రించి దాచండి. 30 రోజుల గడువు అందిన నాటి నుంచి లెక్క. గడువు దాటితే సమాచారం ఉచితంగా ఇవ్వాలి. జవాబు రాకపోయినా, వచ్చినది అసంపూర్తిగా ఉన్నా, 30 రోజులలోగా అదే కార్యాలయంలోని మొదటి అప్పీలు అధికారికి 'ఫారం డి'లో, 20 రూపాయల కోర్టు ఫీజు స్టాంపుతో అప్పీలు చేయాలి. ఆయన 30 రోజులలో, కారణాలు రాసి గరిష్ఠంగా 45 రోజులలో తేల్చాలి. అక్కడా కాకపోతే 90 రోజులలోగా 'ఫారం ఇ'లో, 25 రూపాయల స్టాంపుతో భువనేశ్వర్‌లోని ఒడిశా సమాచార కమిషన్‌కు వెళ్లవచ్చు. తగిన కారణం లేకుండా ఆలస్యం చేసిన అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 వరకు జరిమానా వేసే అధికారం కమిషన్‌కు ఉంది.

కాగితాలు చేతికి వచ్చాక చేసే ఫిర్యాదుకు భాష నియమం మారుతుంది, ఇది మనవారిలో చాలామంది గమనించరు. ఏ బాధనైనా తీర్చమని కోరే అర్జీని, కేంద్రంలో గాని ఆ రాష్ట్రంలో గాని వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా సమర్పించే హక్కు రాజ్యాంగం 350వ అధికరణం ఇచ్చింది. అంటే సమాచారం అడిగేది ఒడియాలో, ఫిర్యాదు చేసేది తెలుగులోనైనా సరే. రెండింటినీ ఒకే కాగితంలో కలపవద్దు. కలిపితే సమాచార దరఖాస్తు ఫిర్యాదుగా మారిపోయి గడువు పోతుంది. తెలుగు అర్జీకి ఒడియాలో నాలుగు వాక్యాల సారం కుట్టి, లాగ్‌బుక్ నకళ్లు వెనక పెట్టి కలెక్టరు ప్రజావిన్నపాల రోజున ఇచ్చి నంబరు తీసుకోండి, ఒడిశా ప్రభుత్వ ఫిర్యాదుల పోర్టల్ అయిన జనసుణాణిలోనూ నమోదు చేయండి.

దుమ్ము గాని పొగ గాని సరిహద్దు అవతలి ఆంధ్ర నుంచి వస్తున్నట్లయితే అక్కడి కార్యాలయాలకు సమాచార దరఖాస్తు తెలుగులోనే రాయవచ్చు, అక్కడ అది అధికార భాష. అడిగేవారు ఆంధ్రలో నివసించనక్కరలేదు, భారత పౌరులైతే చాలు. అక్కడి నియమాల ప్రకారం గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. వ్యవహారం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లేలా ఉంటే వ్యాజ్య కారణం ఎక్కడ పుట్టిందో ముందే న్యాయవాదితో తేల్చుకోండి. ఒడిశా కోల్‌కతాలోని తూర్పు మండల బెంచి కింద, ఆంధ్రప్రదేశ్ చెన్నైలోని దక్షిణ మండల బెంచి కింద ఉన్నాయి.