గోడ పైకి ఆరిందని మెయిన్ వేయకండి

పోయిన లక్ష్మీవారం పొద్దున్న మా సందులో ఒక పిన్నికి కరెంట్ షాక్ కొట్టింది. ఆవిడ ఇంట్లోకి గెడ్డ (ఊరి మధ్య పారే వాగు) నీళ్లు వచ్చి పోయి అప్పటికి 22 రోజులు. మార్గశిరం కదా, అమ్మవారికి గారెలు పెడదామని ముందు రాత్రే మినప్పప్పు నానబోసుకుంది. ఇల్లు కడిగి, తడి కాళ్లతోనే వచ్చి గ్రైండర్ స్విచ్ వేసి, పిండి తోయడానికి గిన్నె అంచు మీద చెయ్యి వేసింది. చెయ్యి అతుక్కుపోయింది. మనవడు పరిగెత్తి మెయిన్ కట్టేశాడు కాబట్టి బతికింది. అరచేతిలో రూపాయి బిళ్లంత కాలిన మచ్చ, ఒక రాత్రి ఆసుపత్రి మంచం.

"గోడ తడిమి చూశాకే వేశాను బాబూ, పొడిగానే ఉంది" అంది మర్నాడు నన్ను పిలిపించి.

ఆ బోర్డు విప్పాను. కింది స్క్రూ ఊడి రాగానే గోడలోని పైపులోంచి బురదనీళ్లు కారాయి. పట్టి చూస్తే టీ గ్లాసులో సగానికి వచ్చాయి. రాగి తీగ పచ్చగా చిలుం పట్టి ఉంది. ఎర్త్ వైరు వేలితో వంచితే పుటుక్కుమంది. బయట గోడ మాత్రం నిజంగానే పొడిగా ఉంది, ఆవిడ అబద్ధం చెప్పలేదు.

ఇరవై ఎనిమిదేళ్లుగా విశాఖపట్నంలో కంచరపాలెం, జ్ఞానాపురం చుట్టుపక్కల వైరింగ్ పనులు చేస్తున్నాను. వరద తర్వాత నీళ్లు మరగబెట్టుకు తాగండి, దోమతెర కట్టుకోండి లాంటివి మీకు తెలుసు, టీవీలో రోజూ చెబుతారు. నేను చెప్పేది ముఖ్యంగా ఒక్క తప్పు గురించి. చెయ్యి పెట్టి చూసి, ఆరిందనుకుని మెయిన్ వేయడం. ఇళ్లు కాలినా, మోటార్లు పోయినా, మనుషులు పోయినా, నేను చూసినవాటిలో చాలావరకు ఇక్కడే మొదలయ్యాయి.

ఈ చలికాలంలో ఈ తప్పు ఇంకా సులువుగా జరుగుతుంది. మే నెలలో ఇల్లు మునిగితే ఎండే సగం పని చేసేస్తుంది. మనకి తుపాన్లు ఎక్కువగా అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. 2023లో మిచాంగ్ డిసెంబరు 5న ఎక్కడో బాపట్ల దగ్గర తీరం దాటింది, ముసురు మాత్రం ఇక్కడిదాకా వచ్చింది. ఆ తర్వాత వచ్చే ఎండ ఎంతని? పొద్దున్న మంచు, మధ్యాహ్నం కాస్త వెలుగు, నాలుగు దాటితే మబ్బు. స్వెట్టర్ వేసుకునేంత చలి కూడా ఉండదు. హాయిగా ఉంది కదా అని మనం మర్చిపోతాం గానీ గోడ మర్చిపోదు. పైగా సముద్రం పక్కన ఊరు. గెడ్డ నీళ్లలో ఉన్న లవణాలు ఇటుకలో దిగిపోతాయి. ఉప్పు పట్టిన గోడ మబ్బు పట్టిన రోజు గాలిలోని తేమని మళ్లీ పీల్చుకుంటుంది. నిన్న పొడిగా ఉన్న గోడ ఇవాళ చెమ్మగా తగలడం అందుకే.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు ఊళ్లో రోజుల తరబడి కరెంట్ లేదు. అందరం తిట్టుకున్నాం. ఇప్పుడు ఆలోచిస్తే అది ఒక రకంగా మేలే చేసింది, తడి ఇంట్లో స్విచ్ వేద్దామన్నా వీలు లేకపోయింది. ఇప్పుడు లైన్లు తొందరగానే బాగుచేసి ఇచ్చేస్తున్నారు. వీధిలో కరెంట్ వచ్చిందంటే మన ఇంట్లో వేసుకోవచ్చని కాదు. మీటరు దాకా వాళ్ల బాధ్యత, మీటరు దాటాక మనది.

మెయిన్ వేసే ముందు

మెయిన్ కట్టేసి ఉంటే చాలనుకోకండి. ఇన్వర్టర్ ఉందా? మెయిన్ కట్టగానే అది లేచి ఇంటి వైర్లలోకి 230 వోల్టులు పంపిస్తుంది. ఈ మాట ఊరందరికీ చెప్పే నాకే ఒకసారి తగిలింది. అల్లిపురంలో ఒక ఇంట్లో మెయిన్ కట్టేశాననే ధీమాతో ఫ్యాన్ బాక్సులో చెయ్యి పెట్టాను. స్టూలు మీంచి పడి మోచెయ్యి విరిగింది. అటకమీద ఇన్వర్టర్ ఉందని ఇంటావిడ ఆ తర్వాత చెప్పింది. అప్పట్నుంచీ గుమ్మంలోనే అడుగుతాను. ఇన్వర్టర్ ఆపి, బ్యాటరీ తీగ ఊడదీయాలి. పైన సోలార్ పలకలుంటే వాటి స్విచ్ కూడా కట్టాలి.

అది అయ్యాక నీటి మరక ఎంత ఎత్తున ఉందో చూసుకోండి. మరక మొల దాకా ఉంటే తడి అక్కడే ఆగదు, ఇటుక నీళ్లని పైకి పీలుస్తుంది. కాబట్టి మరక పైనున్న బోర్డులు కూడా విప్పించండి. మునిగిన స్విచ్‌లు, సాకెట్లు, ఎంసీబీలు (లోడు ఎక్కువైతే వాటంతటవే పడే స్విచ్‌లు) కొత్తవి వేయించండి. ఎండబెట్టి మళ్లీ బిగిస్తాననేవాణ్ణి పనిలో పెట్టుకోకండి. వాటి లోపల చేరిన బురద మనకి కనబడదు, బయటికి రాదు. బాక్సులు మూతల్లేకుండా కొన్నాళ్లు వదిలేయండి. పైపుల్లో బ్లోయర్‌తో గాలి కొట్టించండి. నీళ్లు నిలిచేది పైపు మలుపుల దగ్గరే, ఆ సగం గ్లాసు నీళ్లు నేను చూసింది అక్కడే.

ఆపైన మెగ్గర్ పెట్టించండి. తీగ మీదున్న తొడుగు కరెంట్‌ని ఎంత గట్టిగా ఆపుతోందో చెప్పే మీటరు అది. సామాన్లన్నీ ప్లగ్గులు పీకేసి, ఒక్కో లైనూ విడిగా చూడాలి. ఒక మెగాఓమ్ కన్నా తక్కువ చూపిస్తే ఆ లైను వేయకూడదు, ఇంకా ఆరాలి. మెగ్గర్ లేని ఎలక్ట్రీషియన్ టెస్టర్ పెట్టి "వెలగట్లేదు, ఏం పర్లేదు" అంటాడు. టెస్టర్ ఫేజు ఉందో లేదో చెబుతుంది గానీ గోడలో తడి సంగతి దానికేం తెలుసు? మీ అరచెయ్యి ఎంతో అదీ అంతే.

ఇక అన్నిటికన్నా పెద్ద పాపం. ఈ వాతావరణంలో ఈఎల్‌సీబీ (కరెంట్ లీకైతే ఆపేసే స్విచ్) మాటిమాటికీ పడిపోతూ ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్లు లీకైతే చాలు, అది కట్ చేస్తుంది. దాని పనే అది. జనం ఏం చేస్తారంటే, రాత్రిళ్లు నిద్ర పాడవుతోందని దాన్ని తీయించేసి డైరెక్టు ఇప్పించుకుంటారు. పిన్ని ఇంట్లో జరిగింది సరిగ్గా ఇదే. వారం ముందు ఎవరో కుర్రాణ్ణి పిలిచి రెండొందలిచ్చి డైరెక్టు చేయించారు. ఈఎల్‌సీబీ ఉండి ఉంటే చెయ్యి అతుక్కునేలోపే కట్టయ్యేది. అది పడుతోందంటే పాడైందని కాదు, గోడ ఆరలేదని చెబుతోంది. దాని నోరు మూయించకండి.

గోడ ఆరిందో లేదో

ఇది ఎవరైనా చూసుకోవచ్చు. అడుగు పొడవు, అడుగు వెడల్పు ప్లాస్టిక్ కవరు కోసి, గోడ కింది భాగంలో నాలుగు వైపులా టేపు అతికించండి. గాలి చొరకూడదు. మర్నాడు అదే వేళకి చూడండి. కవరు లోపలి వైపు చెమట పట్టి ఉంటే గోడ నిండా నీళ్లున్నట్టే. పిన్ని ఇంట్లో అతికిస్తే పొద్దుటికి చుక్కలు కట్టి కిందికి జారుతున్నాయి. ఆవిడ చెయ్యి పెట్టి చూసిన గోడే అది.

కిటికీలు తెల్లారగానే బార్లా తెరవకండి, పొద్దుటి గాలిలోనే చెమ్మ ఎక్కువ. పది నుంచి నాలుగు దాకా ఎదురెదురు తలుపులు తీసి పెట్టండి. సాయంత్రం మూసేయండి, దోమలు కూడా తగ్గుతాయి. బీరువాలు, మంచాలు గోడకి జానెడు దూరం జరపండి. సంక్రాంతికి రంగులు వేయించాలని తొందరపడి పుట్టీ, ప్లాస్టిక్ పెయింటు పూయించకండి, లోపలి తడి బయటికి రాలేక ఉగాదికల్లా పొక్కులు పొక్కులుగా ఊడుతుంది. మరీ వెలితిగా ఉంటే సున్నం కొట్టించండి, అది తడిని ఆపదు.

ఒంటి సంగతి

నేను డాక్టర్ని కాను. ఒక్కటి మాత్రం చెప్పాలి. వరద నీళ్లు తీసిన రెండు మూడు వారాలకి జ్వరం వస్తే "వాతావరణం మారింది కదా" అని మందుల షాపులో బిళ్లలు కొనుక్కుని ఊరుకోకండి. ఎలుక జ్వరం ఆలస్యంగానే బయటపడుతుంది, పిక్కలు నొప్పెడతాయి, కళ్లు ఎర్రబడతాయి. స్క్రబ్ టైఫస్ (చిన్న పురుగు కుడితే వచ్చే జ్వరం) అయితే చంకలోనో గజ్జల్లోనో నడుము దగ్గరో సిగరెట్‌తో కాల్చినట్టు నల్లటి పెచ్చు ఉండొచ్చు. రెండిటికీ మందులున్నాయి, ఆలస్యమైతేనే ప్రమాదం. డాక్టరు అడక్కపోయినా మీరే చెప్పండి, వరద నీళ్లలో తిరిగానని.

ఇక మిగిలినవి వరసగా రాసేస్తున్నాను. ఎందుకని అడగకండి, కొన్నిటికి చెబుతాను.

మునిగిన మోటరు వేసి సంపు తోడకండి. బకెట్టుతో తోడండి, లేదా పొడి మోటరు అద్దెకు తెచ్చుకోండి. మూత వేసి ఉన్న సంపులోకి ఒంటరిగా దిగకండి. దిగినవాడు పలక్కపోతే వెనకాలే దిగకండి, 108కి ఫోన్ చేయండి.

సంపు కడిగాక వెయ్యి లీటర్లకి 2.5 గ్రాముల బ్లీచింగ్. బకెట్టు నీళ్లలో కలిపి, సున్నం అడుక్కి దిగాక పై తేట మాత్రమే పోయండి. గంట ఆగి వాడుకోండి. బ్లీచింగ్, బాత్‌రూమ్ యాసిడ్ ఒకచోట కలపకండి. విషవాయువు వస్తుంది.

ఫ్రిజ్, వాషింగ్ మెషీన్, గ్రైండర్ నీళ్లలో నానినవి ఏవీ మెకానిక్ చూడకుండా ప్లగ్ పెట్టకండి. ఎండలో పెట్టాం కదా అంటారు. ఏ ఎండలో?

కుళాయి ముట్టుకుంటే జిల్లుమంటే అది చలి కాదు. మెయిన్ కట్టండి.

గది ఆరడానికి బొగ్గుల కుంపటి పెట్టి తలుపులు మూయకండి. పసిపిల్ల గదిలో అసలు వద్దు. ఆ పొగలో వాసన లేని విషం ఉంటుంది, నిద్రలోనే తీసుకుపోతుంది. జనరేటరు వరండాలో కూడా వద్దు, కిటికీలకి దూరంగా బయటే.

మునిగిన బండి కిక్కు కొట్టకండి, సెల్ఫు కొట్టకండి. ఇంజనులో నీళ్లుంటే లోపల కడ్డీలు వంగొచ్చు. తోసుకెళ్లండి. బ్యాటరీ స్కూటరు మునిగితే ఛార్జింగ్ పెట్టకండి, ఇంట్లో కూడా ఉంచకండి.

తడిసిన బియ్యం, పల్లీలు ఆరబోసుకుని తినకండి. బూజు కడిగితే పోదు. దూది పరుపు మురుగులో నానితే దాని మీద మమకారం వదులుకోండి.

గ్యాస్ రెగ్యులేటరు, ట్యూబు మార్చాకే వెలిగించండి. వాసన వస్తే స్విచ్ వేయకండి, కట్టకండి కూడా. గ్యాస్ ఎమర్జెన్సీ నంబరు 1906కి ఫోన్ చేయండి.

కొండవాలు ఇళ్లవాళ్లు వెనక గోడ చూసుకోండి. నీళ్లు పోయే కన్నాలు మూసుకుపోతే మట్టి నాని గోడని తోస్తుంది. పగులు కొత్తగా వచ్చినా, గోడ కడుపు ముందుకొచ్చినా, ఆ రాత్రి అక్కడ పడుకోకండి. వాన ఆగి పదిరోజులైందని ధీమా పడకండి.

షూ దులపకుండా వేసుకోకండి. పాము కరిస్తే తాడు కట్టకండి, కోయకండి, నేరుగా పెద్దాసుపత్రికి.

షాక్ కొట్టినవాణ్ణి పట్టుకు లాగకండి. ముందు మెయిన్, ఇన్వర్టర్. అందకపోతే పొడి కర్ర, ప్లాస్టిక్ కుర్చీ. బాగానే ఉన్నానన్నా ఆసుపత్రికి తీసుకెళ్లి గుండె పరీక్ష చేయించండి.

వీధిలో తీగ తెగి పడితే కరెంటువాళ్ల నంబరు 1912కి ఫోన్ చేయండి. దాటి వెళ్లకండి, కర్రతో జరపకండి.

ఈఎల్‌సీబీ మీద టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. పడకపోతే మార్చండి.

అద్దెకున్నవాళ్లు ఓనరు ఒప్పుకునేదాకా ఆగకండి. బోర్డులు విప్పించడానికి వెయ్యో రెండు వేలో మీరే పెట్టుకుని, అద్దెలో కోసుకోండి. గొడవైతే అవనివ్వండి.

చెయ్యి పెట్టి చూడకండి. కవరు అతికించి చూడండి, మెగ్గర్ పెట్టించి చూడండి.

రాత్రి తొమ్మిదింటికి నాకు ఫోన్ చేసి "గోడ ఆరిపోయిందండీ, ఒక్క ఫ్యానైనా వేసుకోమా?" అని అడుగుతున్నారు. నిన్న ముగ్గురు అడిగారు. వద్దు. విసనకర్రతో విసురుకోండి, రేపు పొద్దున్న వచ్చి చూస్తాను.