ఎముకలు చదవడం నేర్చుకుందాం - 4వ పాఠం: ముందు వయసు, తర్వాతే బరువు

పోయిన పాఠంలో కటి ఎముకను, పుర్రెను చూసి ఆడా మగా తేల్చడం నేర్చుకున్నాం. ఆ గుర్తులు యుక్తవయసు దాటాకే తేలతాయి కాబట్టి పిల్లల విషయంలో వాటిని నమ్మకూడదు. కానీ వయసు సంగతికొస్తే పిల్లల ఎముకలే పెద్దవాళ్ల ఎముకలకంటే కచ్చితంగా చెబుతాయి.

మొదట పళ్లు చూడండి. సుమారు ఆరేళ్లకు మొదటి శాశ్వత దవడ పన్ను వస్తుంది, పన్నెండేళ్లకు రెండోది. జ్ఞానదంతం కొందరికి రానే రాదు, దాన్ని పట్టుకుని లెక్క వేయొద్దు.

తర్వాత పొడవాటి ఎముకలు. ఎదిగే వయసులో ఎముక కొసలు విడి ముక్కలుగా ఉంటాయి, మధ్యలో మృదులాస్థి పొర ఉంటుంది. ఎదుగుదల ఆగేసరికి ఆ పొర కూడా ఎముకై అతుక్కుపోతుంది. ఇది ఒక వరసలో జరుగుతుంది. మోచేయి దగ్గర ముందు, మోకాలు, మణికట్టు, భుజం దగ్గర ఆ తర్వాత. అన్నిటికంటే ఆఖరున కాలర్ బోన్ లోపలి కొస, అది ఇరవై దాటాక ఎప్పటికో గానీ పూర్తిగా అతకదు. మట్టిలో మృదులాస్థి నిలవదు కాబట్టి ఈ కొసలు విడిగా దొరుకుతాయి. గులకరాళ్లనుకుని పారేస్తే ఆ మనిషి వయసు పారేసినట్టే.

ఇంత శ్రమ ఎందుకో అమార్నా చూస్తే తెలుస్తుంది. క్రీ.పూ. 1350 ప్రాంతంలో ఈజిప్టు ఫారో అఖెనాటెన్ నైలు ఒడ్డున, ఎడారిలో కట్టించిన కొత్త రాజధాని అది. అతను పోయిన కొన్నేళ్లకే జనం వదిలేసి వెళ్లిపోయారు. అందుకే అక్కడి ఎముకలన్నీ దాదాపు ఒక్క తరానివే, ఇలాంటి అవకాశం చాలా అరుదు. అధికారుల సమాధుల గోడల మీద నైవేద్యాలు గుట్టలుగా కనిపిస్తాయి. అదే ఊరి సామాన్యులను మాత్రం చాపల్లో చుట్టి ఇసుకలో పూడ్చారు.

ఉత్తర సమాధుల దగ్గరి శ్మశానంలో 2015లో తవ్విన 105 మందిలో నూటికి 90కి పైగా 7 నుంచి 25 ఏళ్లలోపువాళ్లే. ఈ లెక్క దగ్గర కాసేపు ఆగండి. పాతకాలంలో చావు ఎక్కువగా పసిపిల్లలనూ ముసలివాళ్లనూ తీసుకుపోయేది. ఏడేళ్లు దాటిన పిల్లలకు, యువకులకు గండం తక్కువ. అంటురోగమే అయితే పసివాళ్లూ ముసలివాళ్లూ కూడా అక్కడే ఉండాలి కదా? వాళ్లు లేరు. అంటే ఈ పిల్లలను ఏదో పనికోసం ఒకచోట చేర్చారని అనుకోవాల్సి వస్తుంది.

ఇప్పుడు వెన్ను చూడండి. అణిగిపోయిన పూసలు, అరిగిన కీళ్లు యాభై ఏళ్ల మనిషిలో కనిపిస్తే వయసు వల్ల కావచ్చు. అమార్నాలో 15 ఏళ్లు నిండని పిల్లల్లోనే వెన్నుపూసలు విరిగి ఉన్నాయి. ఆ ఊరి గుళ్లకు వాడిన రాయి ఒక్కోటి మూర పొడవు, దాదాపు 70 కిలోల బరువు. ఈ పిల్లలు ఆ రాళ్లే మోశారని ఎముక చెప్పదు, మనమూ అనకూడదు. బరువులు మోశారని మాత్రం చెబుతుంది. ఆ వెన్నుపూసల ఫోటోలు చూసినప్పుడల్లా, మన ఇటుక బట్టీల్లో పిల్లలే గుర్తొచ్చి మనసు కలత పడుతుంది.

ఇంటిపని: ఒక అస్థిపంజరంలో రెండో దవడ పన్ను వచ్చింది. మోచేయి అతికింది, మోకాలు ఇంకా అతకలేదు. నడుము పూసలు రెండు అణిగి ఉన్నాయి. ముందు వయసు రాయండి, ఏ గుర్తుతో ఆ వయసుకొచ్చారో పక్కనే రాయండి. వెన్ను గురించి ఆ తర్వాతే.

వచ్చే పాఠంలో అదే ఊరి దక్షిణ శ్మశానానికి వెళ్దాం. అక్కడ ఐదుగురు మగవాళ్ల భుజపు రెక్క ఎముకల మీద పోటు గాయాలున్నాయి. ‘నూరు దెబ్బలు, ఐదు గాయాలు’ అనే శిక్ష ఆ తర్వాతి ఫారోల శాసనాల్లో కనిపిస్తుంది. గాయం మానిందో లేదో ఎముక అంచును బట్టి ఎలా చెప్పాలో ఆ గుర్తుల మీదే నేర్చుకుందాం.